సీఆర్‌టీ షేడర్ సెట్ చేసుకోవడం: స్కేలింగ్ నుంచి సేవ్ చేసేదాకా ఒక్కో మెట్టు

సీఆర్‌టీ అంటే పాత ట్యూబ్ టీవీ తెర. లైన్ల మధ్య నల్ల గీతలు (స్కాన్‌లైన్లు), రంగు చారల జల్లెడ (మాస్క్) గీసి ఆ తెర రూపాన్ని కొత్త తెర మీదికి తెచ్చే ఫిల్టరే సీఆర్‌టీ షేడర్. పాత కన్సోల్ గేములు ఎమ్యులేటర్‌లో (ఆ కన్సోల్‌ను అనుకరించే ప్రోగ్రామ్‌లో) ఆడేవాళ్లు దీని గురించి నన్ను తరచూ అడిగేవి మూడే ప్రశ్నలు. షేడర్ పెట్టగానే తెర మీద అడ్డంగా అలలు ఎందుకొస్తున్నాయి? బొమ్మంతా ఎందుకు చీకటిపడిపోయింది? స్క్రీన్‌షాట్లలో అంత బాగున్నది నా దగ్గర ఎందుకు రావడం లేదు?

చీకటి సంగతి ఎనిమిదో మెట్టులో చూద్దాం. మిగతా రెండింటికీ మూలం చాలావరకు ఒకటే. షేడర్ గీసిన ఒక్కో పిక్సెల్ తెర మీది ఒక్కో పిక్సెల్ మీదే పడాలి. మధ్యలో టీవీ గానీ, ఎమ్యులేటర్ గానీ ఆ బొమ్మను కాస్త సాగదీసినా, కుదించినా అంతే సంగతులు. ఆ తర్వాత ఏ స్లైడర్ ఎటు జరిపినా పని జరగదు. అందుకే మొదటి నాలుగు మెట్లలో షేడర్ జోలికే వెళ్లం. తొందరపడి వాటిని దాటేయొద్దు.

ఉదాహరణలన్నీ రెట్రోఆర్క్‌లోవి, అంటే చాలా ఎమ్యులేటర్లను ఒకే చోట నడిపే ప్రోగ్రామ్‌లోవి. వేరే ఎమ్యులేటర్‌లో మెనూ పేర్లు మారతాయి గానీ పని క్రమం మారదు.

1. మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ తెర అసలు రిజల్యూషన్. నిలువుగా 1080 పిక్సెళ్లా, 1440ఆ, 4కె అయితే 2160ఆ?
- కన్సోల్ ఇచ్చే బొమ్మ సైజు. ఎన్‌ఈఎస్‌ది 256×240, సూపర్ నింటెండోది ఎక్కువ గేముల్లో 256×224, మెగా డ్రైవ్‌ది ఎక్కువగా 320×224, మొదటి ప్లేస్టేషన్‌లో చాలా గేములది 320×240.
- 240పి టెస్ట్ సూట్. ఆర్టెమియో ఉర్బినా చేసి ఉచితంగా ఇస్తున్న పరీక్ష ప్రోగ్రామ్ ఇది. సూపర్ నింటెండో, మెగా డ్రైవ్ వంటి కన్సోళ్లకు ఉంది, ఎమ్యులేటర్‌లో మామూలు గేములాగే నడుస్తుంది.
- మీకు బాగా తెలిసిన రెండు గేములు. ఒకదానిలో ఆకాశం, తెల్లని మేఘాలు ఉండాలి. ఇంకోదానిలో గుహలు, రాత్రి దృశ్యాలు ఉండాలి.
- ఒక నోట్ పుస్తకం. ఏ విలువ మార్చినా పాత విలువ ముందు రాసుకోండి. పది స్లైడర్లు కదిపాక వెనక్కి రావడం జ్ఞాపకం మీద అయ్యే పని కాదు.

రోజూ ఆడే సమయంలో గదిలో ఎంత వెలుతురు ఉంటుందో, అంత వెలుతురులోనే ఈ పని చేయండి. పట్టపగలు కిటికీ పక్కన సెట్ చేసిన వెలుగు రాత్రికి కళ్లలో పొడుస్తుంది.

2. ముందు టీవీని, మానిటర్‌ని దారికి తేవాలి

ఒకసారి మాస్క్ రంగులు కుదరక మూడు సాయంత్రాలు స్లైడర్లతో కుస్తీ పట్టాను. తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా వెళ్లి చూస్తే, ఎరుపు, ఆకుపచ్చ, నీలం చారలు విడివిడిగా నిలబడాల్సిన చోట బూడిద రంగు మసక తప్ప ఏమీ లేదు. టీవీ ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌ను సినిమాలు చూసే పెట్టె అనుకుని రంగుల వివరాన్ని తగ్గించేస్తోంది. ఇన్‌పుట్ రకాన్ని పీసీ అని మార్చాను. చారలు దువ్వెన పళ్లలా విడిపోయి కనిపించాయి. షేడర్‌లో తప్పే లేదు.

దీన్నే క్రోమా సబ్‌శాంప్లింగ్ అంటారు. 4:2:0 లో వెలుతురు వివరం పూర్తిగా వస్తుంది, రంగు వివరం మాత్రం నాలుగు పిక్సెళ్లకు ఒక్కటే వస్తుంది. పిక్సెల్‌కో రంగు గీసే మాస్క్ అందులో బతకదు. మనకు కావాల్సింది ఆర్‌జీబీ లేదా 4:4:4.

ఒక్కొక్కటీ చూసి టిక్ పెట్టుకోండి:

- కంప్యూటర్ పంపే రిజల్యూషన్, తెర అసలు రిజల్యూషన్ ఒకటే కావాలి. విండోస్‌లో అక్షరాలు పెద్దవి చేసే 125, 150 శాతం స్కేలింగ్ వేరే విషయం, దానితో దీన్ని కలపొద్దు.
- టీవీలో ఓవర్‌స్కాన్ (అంచులు కోసి బొమ్మను సాగదీయడం) ఆపేయాలి. జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్ లాంటి పేర్లున్న ఎంపికను ఆన్ చేస్తే అది ఆగుతుంది.
- ఇన్‌పుట్ రకం పీసీ అని పెట్టాలి. గేమ్ మోడ్ ఆన్ చేయాలి.
- నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్, డైనమిక్ కాంట్రాస్ట్ అన్నీ ఆఫ్.
- షార్ప్‌నెస్ తగ్గించాలి. చాలా టీవీల్లో 0 దగ్గర అసలు బొమ్మ వస్తుంది, కొన్నింటిలో మధ్యలో ఎక్కడో ఉంటుంది. నల్లటి గీతల పక్కన తెల్లటి అంచు కనిపిస్తోందంటే ఇంకా ఎక్కువ ఉన్నట్టే.

సరిగ్గా కుదిరిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. తెర సైజుకి సరిగ్గా సరిపోయే బొమ్మ ఒకటి తీసుకోండి. అందులో ఒక పిక్సెల్ నలుపు, ఒక పిక్సెల్ తెలుపు చదరంగం గళ్లలా ఉండాలి. దాన్ని ఫుల్ స్క్రీన్‌లో తెరవండి. తెరంతా ఒకే బూడిద రంగులో ఉంటే మంచిది. గళ్లు, అలలు, మచ్చలు కనిపిస్తే మధ్యలో ఎవరో బొమ్మను సాగదీస్తున్నారు. అది తేలేదాకా ముందుకు వెళ్లొద్దు.

3. ఎమ్యులేటర్ లోపల శుభ్రం చేయడం

షేడర్‌కు అందాల్సింది కన్సోల్ ఇచ్చిన అసలు బొమ్మ. దారిలో ఇంకే ఫిల్టర్ ఉన్నా తీసేయాలి.

మొదట వీడియో డ్రైవర్. రెట్రోఆర్క్‌లో కొత్త షేడర్లన్నీ స్లాంగ్ రకం. అవి వల్కన్, జీఎల్‌కోర్, డైరెక్ట్‌3డి 11, 12, మెటల్ డ్రైవర్ల మీద నడుస్తాయి. పాత జీఎల్ డ్రైవర్ ఉంటే జీఎల్‌ఎస్‌ఎల్ షేడర్లు మాత్రమే లోడ్ అవుతాయి. మీ మెషీన్ ఒప్పుకుంటే వల్కన్ పెట్టి, రెట్రోఆర్క్ మూసి మళ్లీ తెరవండి. ఆ తర్వాత ఆన్‌లైన్ అప్‌డేటర్‌లోకి వెళ్లి స్లాంగ్ షేడర్స్ అప్‌డేట్ చేయండి.

తర్వాత ఇవి:

- వీడియో సెట్టింగుల్లో బైలీనియర్ ఫిల్టరింగ్ ఆఫ్.
- వీడియో ఫిల్టర్ ఏదైనా పెట్టి ఉంటే తీసేయాలి.
- కోర్ ఆప్షన్లలో సొంత ఫిల్టర్లు ఆఫ్. రెట్రోఆర్క్ లోపల ఒక్కో కన్సోల్‌ను నడిపే ఎమ్యులేటర్‌నే కోర్ అంటారు. స్నెస్9ఎక్స్, జెనెసిస్ ప్లస్ జీఎక్స్ కోర్లు రెండింటిలోనూ పాత కేబుల్ మసకను అనుకరించే బ్లార్గ్ ఎన్‌టీఎస్‌సీ ఫిల్టర్ ఉంటుంది, అది ఆన్‌లో ఉండకూడదు.
- ఓవర్‌స్కాన్ క్రాప్ చేయాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. తర్వాత మారిస్తే లైన్ల సంఖ్య మారి, స్కేలింగ్ లెక్క మళ్లీ మొదటికొస్తుంది.
- 3డి గేముల కోర్లలో ఇంటర్నల్ రిజల్యూషన్ ఒక రెట్టే ఉండాలి.

ఈ చివరిది దాదాపు అందరూ చేసే పొరపాటు. ప్లేస్టేషన్ గేమును 4 రెట్లకు పెంచితే 320×240 బొమ్మ కాస్తా 1280×960 అవుతుంది. షేడర్‌కి 960 లైన్లు అందుతాయి. 1080 పిక్సెళ్ల తెర మీద ఒక్కో లైనుకు ఒక పిక్సెల్ కంటే కాస్తే ఎక్కువ దొరుకుతుంది, ఇక లైన్ల మధ్యలో నల్ల గీతకు చోటెక్కడుంది? పదునైన 3డి కావాలంటే షేడర్ వదులుకోవాలి, షేడర్ కావాలంటే ఆ పదును వదులుకోవాలి. నేను రెండోదే ఎంచుకుంటాను. తక్కువ రిజల్యూషన్ టెక్స్‌చర్లకు ట్యూబ్ తెరే సరైన జోడీ.

4. స్కేలింగ్ లెక్క

అడ్డంగా వచ్చే అలలకు మందు ఇక్కడుంది.

240 లైన్ల బొమ్మను 1080 పిక్సెళ్ల ఎత్తుకు సాగదీస్తే ఒక్కో లైనుకు 4.5 పిక్సెళ్లు వస్తాయి. అర పిక్సెల్ అనేది తెర మీద ఉండదు. కాబట్టి ఒక లైనుకు 4, పక్కదానికి 5 పడతాయి, లేదా అంచులు మసకబారతాయి. నల్లగీతలు ఒకటి సన్నంగా, ఒకటి లావుగా వస్తాయి. నీలాకాశం ఉన్న చోట చూడండి, బట్ట మీద ముడతల్లా పట్టీలు కనిపిస్తాయి. బొమ్మ పైకీ కిందికీ కదిలినప్పుడు ఆ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పూర్ణ సంఖ్యల్లో పెంచితే ఈ గొడవ ఉండదు. సెట్టింగ్స్, వీడియో, స్కేలింగ్‌లోకి వెళ్లి ఇంటీజర్ స్కేల్ ఆన్ చేయండి. ఆస్పెక్ట్ రేషియో 4:3 గానీ కోర్ ప్రొవైడెడ్ గానీ పెట్టండి.

ఏ తెరకు ఎంత వస్తుందో చూడండి:

- 1080 తెర, 240 లైన్లు: 4 రెట్లు, 960 పిక్సెళ్లు. పైనా కిందా 60 చొప్పున నలుపు.
- 1080 తెర, 224 లైన్లు: 4 రెట్లయితే 896, నలుపు కాస్త ఎక్కువ. 5 రెట్లయితే 1120, అంటే పైనా కిందా కలిపి 8 లైన్లు తెగిపోతాయి.
- 1440 తెర, 240 లైన్లు: సరిగ్గా 6 రెట్లు.
- 4కె తెర, 240 లైన్లు: సరిగ్గా 9 రెట్లు.
- 4కె తెర, 224 లైన్లు: 9 రెట్లు, 2016 పిక్సెళ్లు. పైనా కిందా 72 చొప్పున నలుపు.

1080 తెర మీద 224 లైన్ల గేములకు నేను 5 రెట్లే పెడతాను. ఇంటీజర్ స్కేల్ దగ్గరే ఓవర్‌స్కేల్ అనే ఎంపిక ఉంటుంది. పైన 4, కింద 4 లైన్లే తెగుతాయి. ట్యూబ్ టీవీల్లో అంచులు ఎలాగూ ఫ్రేమ్ వెనక్కి పోయేవి కాబట్టి, గేములు చేసినవాళ్లు అక్కడ ముఖ్యమైనవి పెట్టేవారు కాదు. అయినా స్కోరు, ప్రాణాల లెక్క కనిపిస్తున్నాయో లేదో ఒకసారి చూసుకోండి. 240 లైన్ల గేముకు మాత్రం 5 రెట్లు పెడితే 24 లైన్లు పోతాయి. అది ఎక్కువ నష్టం.

అడ్డంగా పూర్ణ సంఖ్య అక్కర్లేదు. ట్యూబ్‌లో నిలువుగా లైన్లు లెక్కపెట్టొచ్చు గానీ, ఒక లైను పొడవునా సిగ్నల్ తెగకుండా సాగుతుంది. షేడర్లు కూడా అడ్డంగా మెత్తగా కలుపుతాయి. కాబట్టి 4:3 ని చెడగొట్టి అడ్డం పిక్సెళ్లు సరిచేయాలని చూడొద్దు, వృత్తాలు కోడిగుడ్లవుతాయి. టెస్ట్ సూట్‌లో లీనియారిటీ వృత్తాలుంటాయి, వాటితో సరిచూసుకోండి.

4కె వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. లైనుకు 9, 10 పిక్సెళ్లు పడుతున్నప్పుడు ఒక పిక్సెల్ తేడాను కూర్చున్న చోటి నుంచి కన్ను పట్టుకోలేదు. నల్ల అంచులు నచ్చకపోతే ఇంటీజర్ స్కేల్ ఆపేసి తెర నింపుకోవచ్చు. 1080 తెర మీద ఆ స్వేచ్ఛ లేదు.

5. ఏ షేడర్‌తో మొదలుపెట్టాలి

- ఫోన్, పాత లాప్‌టాప్: జెడ్‌ఫాస్ట్-సీఆర్‌టీ. జీఎల్ డ్రైవర్ మీద అయితే సీఆర్‌టీ-పై.
- విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు కంప్యూటర్: సీఆర్‌టీ-ఈజీమోడ్, సీఆర్‌టీ-జియోమ్.
- మంచి గ్రాఫిక్స్ కార్డు: సీఆర్‌టీ-గెస్ట్-అడ్వాన్స్‌డ్, సీఆర్‌టీ-రాయల్.

కార్డు ఎంత మంచిదైనా మొదటిసారి సీఆర్‌టీ-ఈజీమోడ్‌తోనే నేర్చుకోండి. ఉన్న స్లైడర్లు తక్కువ, ఒక్కోటి చేసే పని స్పష్టంగా కనిపిస్తుంది. రాయల్‌లో మొదలుపెట్టినవాళ్లు స్లైడర్ల అడవిలో దారి తప్పుతారు.

గేము నడుస్తుండగా ఎఫ్1 నొక్కి క్విక్ మెనూలోకి వెళ్లండి. షేడర్స్ ఆన్ చేసి, లోడ్ ప్రీసెట్ (ప్రీసెట్ అంటే షేడర్, దాని విలువలు కలిపిన ఫైలు) నొక్కి, షేడర్స్ స్లాంగ్ ఫోల్డర్‌లోని సీఆర్‌టీ ఫోల్డర్ నుంచి ఈజీమోడ్ ఎంచుకోండి. మార్పులన్నీ షేడర్ పారామీటర్స్‌లో జరుగుతాయి. హాట్‌కీలలో షేడర్‌ను ఆన్, ఆఫ్ చేసే కీ ఒకటి పెట్టుకోండి. చేసిన మార్పు మంచిదో కాదో తేల్చడానికి అంతకు మించిన సాధనం లేదు.

స్లైడర్లకు ఒక్క నియమం. ఒకసారికి ఒక్కటే కదపాలి. మొదట చివరిదాకా జరిపి అది ఏం చేస్తుందో కంటికి చూపించండి, తర్వాత వెనక్కి తెచ్చి నచ్చిన చోట ఆపండి. కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతే కన్ను అలవాటు పడి మోసపోతుంది.

6. స్కాన్‌లైన్లు

మాస్క్ స్ట్రెంత్‌ను తాత్కాలికంగా 0 చేయండి. ఇప్పుడు తెర మీద గీతలు మాత్రమే ఉంటాయి.

నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలున్న టైటిల్ స్క్రీన్ ఒకటి తెరిచి దగ్గరగా చూడండి. అసలు ట్యూబ్‌లో ఎలక్ట్రాన్ పుంజం బలంగా ఉన్న చోట లైను ఉబ్బుతుంది. తెల్లటి అక్షరం లోపల నల్ల గీత దాదాపు పూడిపోతుంది. ముదురు రంగుల దగ్గర లైను సన్నబడి, మధ్య ఖాళీ బాగా తెలుస్తుంది. అక్షరం, దాని పక్కనున్న చీకటి గోడ రెండింటి మీదా గీతలు ఒకే లావులో ఉంటే అది తెర మీద దోమతెర కట్టినట్టే ఉంటుంది.

ఈ తేడా తెచ్చేవి రెండు స్లైడర్లు. స్కాన్‌లైన్ బ్రైట్‌నెస్ మ్యాక్స్, మొదట్లో 0.65 ఉంటుంది. పెంచితే వెలుగున్న చోట గీతలు మరింత పూడతాయి. స్కాన్‌లైన్ బ్రైట్‌నెస్ మిన్, మొదట్లో 0.35. తగ్గిస్తే చీకటి చోట గీతలు గట్టిపడతాయి. వీటి మధ్య దూరం పెరిగేకొద్దీ బొమ్మకు ప్రాణం వస్తుంది. బీమ్ విడ్త్ పెంచితే నల్లగీత సన్నబడుతుంది, తగ్గిస్తే లావవుతుంది.

ఎంత గట్టిగా ఉండాలన్నది రోజూ కూర్చునే దూరం నుంచి తేల్చండి. నా మాట అడిగితే, చాలామంది అవసరానికి రెట్టింపు పెడతారు. ఇళ్లలో ఉండే మామూలు టీవీల్లో గీతలు అంత కొట్టొచ్చినట్టు ఉండేవి కావు. స్టూడియో మానిటర్ ఫొటోలు చూసి అదే అసలు రూపం అనుకోవద్దు.

స్కాన్‌లైన్ కటాఫ్ 400 దగ్గర ఉంటుంది, దాన్ని అలాగే వదిలేయండి. ప్లేస్టేషన్‌లో కొన్ని మెనూలు 480 లైన్లకు మారతాయి. అప్పుడు గీతలు వాటంతటవే తప్పుకునేది ఈ హద్దు వల్లే.

7. మాస్క్

ట్యూబ్ లోపల ఫాస్ఫర్ (తెర మీద వెలిగే పూత) రంగులను విడదీసే జల్లెడ మూడు రకాలు. నిలువు తీగలుండేది అపర్చర్ గ్రిల్, సోనీ ట్రినిట్రాన్‌లో ఉండేది అదే. ఇటుకల వరుసలా ఉండేది స్లాట్ మాస్క్, ఇళ్లలో టీవీల్లో ఎక్కువ ఇదే. చుక్కలుండేది షాడో మాస్క్, కంప్యూటర్ మానిటర్లలో మామూలు. గేముల కన్సోల్ కోసం మొదటి రెండింట్లో ఒకటి ఎంచుకోండి.

ఈజీమోడ్ మూడు పిక్సెళ్లకు ఒక జట్టు చొప్పున ఎరుపు, ఆకుపచ్చ, నీలం నిలువు చారలు గీస్తుంది. మాస్క్ డాట్ విడ్త్ 1 అంటే చార వెడల్పు ఒక పిక్సెల్. ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. 1080 తెర మీద 4 రెట్ల బొమ్మ వెడల్పు 1280. మూడుతో భాగిస్తే 426 జట్లు. 4కె మీద 9 రెట్ల బొమ్మ వెడల్పు 2880, అదే విలువతో 960 జట్లు వస్తాయి. అంత సన్నని మాస్క్ కంటికి ఆనదు, వెలుగు మాత్రం తినేస్తుంది. 4కె వాళ్లు డాట్ విడ్త్ 2 చేస్తే 480 జట్లు, అంటే దాదాపు 1080 తెర మీద ఉన్నంత. ‘4కె మానిటర్ కొన్నాక మాస్క్ మాయమైంది’ అనేవాళ్లకు జవాబు ఈ ఒక్క స్లైడరే. సన్నని తెర ఉన్న ఫోన్లకూ ఇదే వర్తిస్తుంది.

స్ట్రెంత్ ఎంత పెట్టాలి? ముందుగానే ఉన్న 0.3 దగ్గర తెర సగటున ఐదో వంతు వెలుగు పోగొట్టుకుంటుంది. 1.0 చేస్తే మూడింట రెండు వంతులు పోతుంది. 1080 తెర మీద నేను 0.2, 0.4 మధ్య ఆపుతాను. 4కె మీద, వెలుగు దండిగా ఉన్న తెర అయితే ఇంకా పైకి వెళ్లొచ్చు.

టెస్ట్ సూట్‌లో తెల్లటి తెర తెరిచి చూసుకోండి:

- ముక్కు ఆనేంత దగ్గర నుంచి: మూడు రంగుల చారలు విడివిడిగా, సమానంగా కనిపించాలి.
- చేయి చాపినంత దూరం నుంచి: పలచని నేత బట్టలా అనిపించాలి.
- ఆడే దూరం నుంచి: తెలుపు తెలుపులాగే ఉండాలి. పచ్చగానో గులాబీగానో తేలితే తేడా ఉన్నట్టు.

మొదటిదే ఫెయిలైతే రెండో మెట్టుకు తిరిగి వెళ్లండి. మూడోది ఫెయిలైతే తెర రకం చూడండి. ఓలెడ్ తెరల్లో సబ్‌పిక్సెళ్ల (ఒక్కో పిక్సెల్ లోపలి రంగు చుక్కల) అమరిక వేరు, కొన్నింటిలో తెల్ల సబ్‌పిక్సెల్ ఉంటుంది, కొన్నింటిలో త్రికోణంగా అమర్చి ఉంటాయి. వాటి మీద ఒక పిక్సెల్ చారలు రంగు మారిపోవచ్చు. డాట్ విడ్త్ 2 చేసి చూడండి.

8. వెలుగు, గామా

గీతలు, మాస్క్ రెండూ వెలుగును తింటాయి. అది తిరిగి తెచ్చుకోవడానికి ఒక వరుస ఉంది, దాన్ని తలకిందులు చేయొద్దు.

మొదట తెర బ్యాక్‌లైట్ పెంచండి. దీనివల్ల బొమ్మలో ఏ వివరమూ చెడదు. అది చాలకపోతేనే షేడర్‌లోని బ్రైట్‌నెస్ బూస్ట్ ముట్టుకోండి. మొదట్లో 1.2 ఉంటుంది, 0.05 చొప్పున పెంచుతూ టెస్ట్ సూట్‌లో గ్రే ర్యాంప్ (నలుపు నుంచి తెలుపు దాకా బూడిద మెట్లు) చూడండి. తెలుపుకు దగ్గరి మెట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన క్షణం హద్దు దాటినట్టు. ఒక అడుగు వెనక్కి రండి. హద్దు దాటితే మేఘాల్లో ఛాయలు పోయి తెల్ల కాగితం మిగులుతుంది.

గామా, అంటే మధ్య ఛాయలు ఎంత ముదురుగా ఉండాలన్నది, చివర్లో. ఈజీమోడ్‌లో ఇన్‌పుట్ 2.0, అవుట్‌పుట్ 1.8 ఉంటాయి. ఇన్‌పుట్ పెంచితే మధ్య ఛాయలు ముదురుతాయి, తగ్గిస్తే తేలికవుతాయి. అవుట్‌పుట్ జోలికి వెళ్లకుండా ఇన్‌పుట్‌నే 0.05 చొప్పున కదపండి. టెస్ట్ సూట్‌లో నలుపును సరిచూసే ప్లూజ్ తెర మీద నలుపు పక్కన ఉన్న ముదురు పట్టీ లీలగా కనిపించాలి. తర్వాత గుహల గేము తెరిచి, గోడ మీద రాళ్ల గీతలు తెలుస్తున్నాయో లేదో చూడండి.

బ్లాక్ ఫ్రేమ్ ఇన్సర్షన్ వాడేవాళ్లు ఈ మెట్టుకు ముందే దాన్ని ఆన్ చేయాలి. 120 హెర్ట్జ్ తెర మీద అది ఒక ఫ్రేము వదిలి ఒక ఫ్రేము నల్లగా చూపిస్తుంది, వెలుగు సగానికి పడుతుంది. ముందు సెట్ చేసి తర్వాత ఆన్ చేస్తే అంతా మళ్లీ చేయాలి. కొన్ని ఎల్‌సీడీల మీద దీనివల్ల బొమ్మ మచ్చ పడే ప్రమాదం ఉంది, అది కనిపిస్తే వెంటనే ఆపేయండి.

నిజంగా వెలుగున్న హెచ్‌డీఆర్ తెర ఉంటే గట్టి మాస్క్ పెట్టినా బొమ్మ వాడిపోదు. రెట్రోఆర్క్ వీడియో సెట్టింగుల్లో హెచ్‌డీఆర్ ఉంది, వల్కన్, డైరెక్ట్‌3డి 11, 12 మీద పనిచేస్తుంది. అక్కడ పీక్ లూమినెన్స్ (గరిష్ఠ వెలుగు) దగ్గర మీ తెర నిజంగా ఇవ్వగలిగిన సంఖ్యే వేయండి.

9. కేబుల్ మసక కావాలా?

మెగా డ్రైవ్ గేములు ఆడేవాళ్లు ఈ మెట్టు దాటేయొద్దు. ఆ కన్సోల్‌లో పారదర్శకం చూపించడానికి ఒక నిలువు గీత వదిలి ఒకటి గీసేవారు. 1991లో వచ్చిన సోనిక్ ది హెడ్జ్‌హాగ్‌లో జలపాతం అలాంటిదే. కాంపోజిట్ కేబుల్ మసకలో ఆ గీతలు కలిసిపోయి పలచని నీటి తెరలా కనిపించేవి. శుభ్రమైన ఆర్‌జీబీ బొమ్మలో అది కటకటాల తలుపులా ఉంటుంది.

దీనికి ఆ కేబుల్ మసకను అనుకరించే ఎన్‌టీఎస్‌సీ షేడర్ కావాలి, అది సీఆర్‌టీ షేడర్ కంటే ముందు నడవాలి. కేబుల్ ముందు, ట్యూబ్ తర్వాత కదా. సీఆర్‌టీ ప్రీసెట్ ఉండగానే ప్రీపెండ్ ప్రీసెట్ నొక్కి ఎన్‌టీఎస్‌సీ-అడాప్టివ్ ఎంచుకోండి. 256, 320 వెడల్పుల తేడాను అదే చూసుకుంటుంది. ఎఫెక్ట్ మరీ ఎక్కువనిపిస్తే దాన్ని తీసేసి, ఈజీమోడ్‌లో అడ్డం షార్ప్‌నెస్ తగ్గించి చూడండి.

కథ చదవాల్సిన గేములకు దీన్ని వాడొద్దు. చిన్న అక్షరాలు మసకబారి కళ్లు లాగుతాయి.

10. వంపు

అన్నిటికంటే చివర్లో. ఈజీమోడ్‌లో వంపు లేదు, సీఆర్‌టీ-జియోమ్‌లో ఉంది. అందులో కర్వేచర్ ఆన్ చేసి, రేడియస్ చూడండి. సంఖ్య పెరిగేకొద్దీ తెర చదునవుతుంది.

వంచిన క్షణం నుంచి పూర్ణ సంఖ్యల స్కేలింగ్ చెదిరిపోతుంది, లైన్లు పిక్సెళ్లను ఏటవాలుగా దాటతాయి. 1080 తెర మీద అక్కడే ఇంద్రధనుస్సులా అలలు పుడతాయి. స్కాన్‌లైన్ల గట్టిదనం తగ్గిస్తే కొంత సర్దుకుంటుంది. 1080 తెర మీద నేను వంపు పెట్టను. 4కె మీద అయితే కొద్దిగా పెట్టినా బాగుంటుంది.

11. సేవ్ చేసే చోటు సరిగ్గా ఎంచుకోవాలి

సేవ్ ప్రీసెట్‌లో నాలుగు దారులుంటాయి: గ్లోబల్, కోర్, కంటెంట్ డైరెక్టరీ, గేమ్. ఒకే గేముకు రెండు మూడు ఉంటే, గేముకు పెట్టినదే ముందు నెగ్గుతుంది, తర్వాత డైరెక్టరీ, తర్వాత కోర్, చివర గ్లోబల్.

గ్లోబల్ వాడొద్దు. గేమ్ బాయ్, గేమ్ బాయ్ అడ్వాన్స్‌లకు ఉన్నది ఎల్‌సీడీ తెర, వాటి మీద స్కాన్‌లైన్లు తప్పు. వాటికి హ్యాండ్‌హెల్డ్ ఫోల్డర్‌లో ఎల్‌సీడీ-గ్రిడ్ లాంటివి విడిగా ఉన్నాయి.

కోర్ ప్రీసెట్‌లోనూ ఒక చిక్కుంది. జెనెసిస్ ప్లస్ జీఎక్స్ కోర్ మెగా డ్రైవ్‌ను, చేతిలో పట్టుకునే గేమ్ గేర్‌ను రెండింటినీ నడుపుతుంది. కోర్‌కు సేవ్ చేస్తే గేమ్ గేర్‌కూ ట్యూబ్ తెర వచ్చేస్తుంది. ఇలాంటి కోర్లకు గేములను కన్సోల్ వారీగా వేరే ఫోల్డర్లలో పెట్టి, కంటెంట్ డైరెక్టరీ ప్రీసెట్ చేయండి.

ఇంకోటి. మీరు సేవ్ చేసే ప్రీసెట్‌లో సాధారణంగా మార్చిన విలువలు, అసలు షేడర్ ఫైలు ఎక్కడుందన్న దారి మాత్రమే ఉంటాయి. షేడర్ల ఫోల్డర్‌ను కదిపినా, పేరు మార్చినా ప్రీసెట్ లోడ్ కాదు.

12. ఇంకా కుదరకపోతే

- గీతలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి: ఇంటీజర్ స్కేల్ ఆఫ్‌లో ఉంది, లేదా టీవీలో ఓవర్‌స్కాన్ ఆన్‌లో ఉంది.
- గీతలే లేవు: ఇంటర్నల్ రిజల్యూషన్ ఎక్కువ ఉంది, లేదా ఆ గేము 480 లైన్లలో నడుస్తోంది.
- ప్రీసెట్ జాబితాలో కనిపించడం లేదు: డ్రైవర్‌కు, షేడర్ రకానికి పొత్తు కుదరలేదు.
- బొమ్మ రెండింతలు మసక: కోర్ ఫిల్టర్, ఎన్‌టీఎస్‌సీ షేడర్ రెండూ ఆన్‌లో ఉన్నాయి.
- ఆట నత్తనడక: ఎఫ్3 నొక్కి ఫ్రేముల లెక్క చూడండి. ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లే. 60 అందుకోలేకపోతుంటే తేలికైన షేడర్‌కు మారండి.
- గదిలో బాగుంది, స్క్రీన్‌షాట్‌లో బాగాలేదు: జీపీయూ స్క్రీన్‌షాట్ ఆన్ చేస్తేనే షేడర్‌తో సహా బొమ్మ వస్తుంది. దాన్ని 100 శాతం సైజులోనే చూడాలి. ఫోన్‌లో కుదించి చూస్తే మాస్క్, పిక్సెళ్లు గొడవపడి లేని అలలు కనిపిస్తాయి. వేరేవాళ్లు పెట్టిన ఫొటోలకూ ఇదే వర్తిస్తుంది. వాళ్ల తెర 4కె, మీది 1080 అయితే వాళ్ల విలువలు మీ దగ్గర పనిచేయవు. వాళ్లు చేసిన క్రమాన్ని తీసుకోండి, సంఖ్యలను కాదు.